పిల్లర్లు లేని ఇల్లు: కడియం దగ్గర కట్టిన ఒక ఇటుక ఇంటి పూర్తి వివరం

"పిల్లర్లు లేకుండా ఇల్లేంటండీ?"

శంకుస్థాపన రోజున ఈ మాట ముగ్గురి నోట విన్నాను. ఇంటాయన తోడల్లుడు అడిగాడు, పక్క నర్సరీ యజమాని అడిగాడు, ఆఖరికి పూజ చేయించిన పంతులుగారు కూడా అడిగారు. మా గోదావరి జిల్లాల్లో ఇప్పుడు ఇల్లు అంటే ముందు పిల్లర్లు, బీములు, స్లాబు. వాటి మధ్య ఖాళీ పూడ్చడానికి ఇటుక. దానిమీద ప్లాస్టరింగ్, పుట్టీ, రంగు. ఆ ఇంట్లో ఇటుక ఏ బరువూ మోయదు, ఎవరి కంటికీ కనబడదు. అయినా ఇల్లంతటికీ ఎక్కువ సంఖ్యలో కొనేది దాన్నే.

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. ఇరవై రెండేళ్లుగా రాజమండ్రిలో ఉండి పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ భాగం పైన చెప్పిన రకం ఇళ్లే. ఈ కేసు ఆ దారి తప్పి కట్టిన ఇంటిది. ఇక్కడ ఇటుకే బరువు మోస్తుంది, ఇటుకే కప్పు అవుతుంది, మోసే చోటల్లా కంటికి కనిపిస్తుంది. ఇందులో బాగా కుదిరినవీ, ఒక గోడ దగ్గర నేను చేసిన తప్పూ రెండూ రాస్తున్నాను. ఇలాంటి ఇల్లు కట్టాలనుకునే ఇంజనీర్లకూ మేస్త్రీలకూ ఆ తప్పే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఇంటివాళ్లు, వాళ్ల పాత పెంకులు

ఇంటాయన నర్సరీ రైతు. వయసు అరవైకి దగ్గర. భార్య, ముసలి తల్లి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు. తాతలనాటి పెంకుటిల్లు శిథిలమైపోతే విప్పేశారు. విప్పిన బంగాళా పెంకులు పెరట్లో మామిడిచెట్టు కింద దొంతరలుగా పేర్చి ఉన్నాయి. మొదటిసారి స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ పెద్దావిడ నన్ను ఇంటి గురించి ఏమీ అడగలేదు. ఆ పెంకులు చూపించి, "వీటిని పారెయ్యకుండా ఏదైనా చెయ్యి బాబూ" అంది. ఈ ఇంటికి నాకు అందిన మొదటి కోరిక అదే.

కొడుకు మాత్రం వాట్సాప్‌లో ఫొటోలు పంపేవాడు. ఎర్రటి ఇటుక గోడలు, పెద్ద పెద్ద కిటికీలు. వాటిలో సగానికి సగం అసలు ఇటుక గోడలు కావు. కాంక్రీటు ఫ్రేము మీద అర అంగుళం మందం ఇటుక బొమ్మ టైల్స్ అతికించినవి. ఒక ఫొటోలో ఎనిమిదడుగుల వెడల్పు ఓపెనింగు మీద ఇటుకలు నిలువుగా వరసకట్టి నిలబడి ఉన్నాయి, కింద ఏ ఆధారమూ లేదు. ఇటుక అలా గాలిలో నిలబడదు. వెనకాల కాంక్రీటు బీము ఉంది, ముందు ఇటుక ముక్కలు అంటించారు. ఆ అబ్బాయికి ఫోన్లో ఇది వివరించడానికి గంట పట్టింది. "అయితే మన ఇంట్లో ఏది కనిపిస్తే అది నిజంగా ఆ పని చెయ్యాలంటారు, అంతేగా?" అన్నాడు చివర్లో. అంతే. ఆ తర్వాత ఏడాదిపాటు ఏ సందేహం వచ్చినా ఆ ఒక్క మాటతోనే తేల్చుకున్నాం.

స్థలం ఒండ్రు నేల. నాలుగున్నర అడుగుల లోతులో గట్టినేల తగిలింది. రాతి పునాది, దానిపైన బేస్‌మట్టం దగ్గర కాంక్రీటు పట్టీ. ఇల్లు 1,150 చదరపు అడుగులు. మధ్యలో 12 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవున్న హాలు. దానికి ఇరుపక్కలా గదులు, ముందు వసారా. హాలు మీద ఇటుక కమాను కప్పు, గదుల మీద పెంకులు పొదిగిన ఫిల్లర్ స్లాబ్.

ఇటుక

గోదావరి పక్కన ఊకతో కాల్చే బట్టీల్లో ఇటుక అన్నీ ఒకేలా రాదు. ఒకే ఆవంలో నడుమ ఉన్నవి చక్కగా కాలుతాయి, అంచుల్లోవి పచ్చిగా మిగులుతాయి, మంటకు మరీ దగ్గరున్నవి వంకరపోతాయి. ప్లాస్టరింగ్ చేసే ఇంటికి ఇవన్నీ కలిపి వాడేస్తారు. మా గోడ కనిపించే గోడ, పైగా బరువు మోసే గోడ. అందుకని బట్టీలోనే ఒకసారి ఏరాం, సైటులో దించాక మళ్లీ ఏరాం.

పరీక్షలు పాతవే. రెండు ఇటుకలు ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి. నాలుగడుగుల ఎత్తునుంచి వదిలితే పగలకూడదు. గోటితో గీస్తే గీత పడకూడదు. తర్వాత నీళ్ల పరీక్ష: పొడిగా తూచిన ఇటుకను 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచాలి. ప్రమాణం ప్రకారం మామూలు తరగతుల ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు తాగకూడదు. మావి పొడిగా 2.9 కిలోలు, నానాక 3.4 కిలోలు. అంటే 17 శాతం. నెగ్గాయి. ఈ 17 శాతం అనే అంకె తర్వాత మళ్లీ నా ముందుకొచ్చి నిలబడింది, దాని సంగతి దాని చోట చెప్తాను.

ఎలుకబోను గోడ

గోడలకు ఎంచుకున్నది ర్యాట్ ట్రాప్ కట్టుబడి. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ ఇళ్లు చూసినవాళ్లకు ఇది కొత్తకాదు. బర్మింగ్‌హామ్‌లో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడిన ఆయన అక్కడ వందల ఇళ్లు ఈ పద్ధతిలో కట్టి చూపించాడు. మా వైపు మేస్త్రీల్లో దీని పేరు విన్నవాళ్లు ఉన్నారు, కట్టినవాళ్లు మాత్రం నాకు దొరకలేదు.

మామూలుగా ఇటుకను పడుకోబెట్టి కడతాం. ఇందులో అంచుమీద నిలబెడతాం. గోడ బయటి ముఖానికి ఒక ఇటుక, లోపలి ముఖానికి ఒక ఇటుక, రెండూ పొడవుగా. తర్వాత ఒక ఇటుక అడ్డంగా, బయటినుంచి లోపలిదాకా రెండు ముఖాలనూ కలుపుతూ. మళ్లీ రెండు పొడవుగా, ఒకటి అడ్డంగా. గోడ మందం తొమ్మిది అంగుళాలే. కానీ నడుమ మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. పైనుంచి చూస్తే చిన్నచిన్న గదుల వరస కనిపిస్తుంది, ఆ పేరు అందుకే వచ్చింది.

మా ఇటుక తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగుంపావు వెడల్పు, మూడు మందం. ఈ కొలతతో నిండు తొమ్మిదంగుళాల గోడ వంద చదరపు అడుగులకు దాదాపు 910 ఇటుకలు పడతాయి. ఎలుకబోను కట్టుబడిలో దాదాపు 730. అంటే ఐదోవంతు మిగులు. మొత్తం గోడలు 1,900 చదరపు అడుగులు కాబట్టి కాగితం మీద మూడువేల నాలుగువందల ఇటుకలు మిగలాలి. కానీ మూలల్లో, తలుపులూ కిటికీల పక్కన, బేస్‌మట్టం పైవరసలో, పట్టీల కింద గోడను నిండుగానే కట్టాలి. అవన్నీ తీసేస్తే మాకు నిజంగా మిగిలింది రెండువేల ఆరువందలు. ఈ పద్ధతి గురించి చెప్పేవాళ్లు మొదటి లెక్క చెప్పి రెండోది వదిలేస్తుంటారు. ఇంటివాళ్లకు రెండూ చెప్పాలి. మిగిలిన డబ్బులో మంచి భాగం మేస్త్రి కూలీలోకి పోయిందని కూడా చెప్పాలి, ఎందుకంటే కనిపించే గోడ కట్టడానికి కనిపించని గోడకంటే ఎక్కువ రోజులు పడతాయి.

ఇది పైదేశాల తెలివి అనుకోనక్కర్లేదు. నాగార్జునకొండ మహాచైత్యం గుర్తుకు తెచ్చుకోండి. ఇక్ష్వాకుల కాలంలో, మూడో శతాబ్దంలో, నూరు అడుగులు దాటిన వ్యాసంతో కట్టిన స్తూపం అది. దాన్ని నిండా ఇటుకతో కట్టలేదు. నడుమ కుంభం, చుట్టూ వలయాలు, వాటిని కలుపుతూ బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు, ఆ గోడల నడుమ ఖాళీల్లో మట్టి. బలం ఎక్కడ కావాలో అక్కడే ఇటుక పెట్టారు. పాలంపేటలో, 1213 నాటి రామప్ప గుడి విమానానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడినవాళ్లదీ అదే ఆలోచన, పైన బరువు తగ్గిస్తే కింద మోసేవాటికి సుఖం. గోడలో ఖాళీ వదిలినప్పుడల్లా ఇల్లు బోలుగా ఉంటుందని భయపడే ఇంటివాళ్లకు నేను ఈ రెండూ చూసి రమ్మని చెప్తాను.

గోడ మొదలుపెట్టిన మూడోరోజుకే ఒక చిక్కు తెలిసింది. వరసమీద మాలు పరిచేటప్పుడు సగం మాలు ఖాళీలోకి జారిపోతోంది. మాలు మిగలకపోగా, లోపల పేరుకుపోయి రెండు ముఖాలనూ కలిపేస్తుంది. తడి ఆ దారినే లోపలికి వస్తుంది. మేస్త్రి గారు ఒక పూట ఆలోచించి మూడంగుళాల వెడల్పు చెక్కపట్టీ తెచ్చారు. దానికి రెండు చివరలా తాడు కట్టి ఖాళీమీద మూతలా పెట్టి, మాలు పరిచాక మెల్లగా ఎత్తేసేవారు. ఎత్తేటప్పుడు దానిమీద పడిన మాలు తాపీతో గీకి మళ్లీ తట్టలో వేసేవారు. మొదటి రోజుల్లో ఒక్కో ఇటుకకు చెయ్యి ఆగి ఆగి పడేది. పదోరోజుకు ఆయనా, ఆయన బావమరిదీ ఇద్దరే రోజుకు ఒక గది గోడ చుట్టూ నాలుగు వరసలు లేపేశారు. దారం, రసమట్టం, తూకం గుండు, ఆ చెక్కపట్టీ. ఇంకే పరికరమూ లేదు.

భూకంపానికీ తుఫానుకూ జాగ్రత్త వేరే తీసుకున్నాం. బేస్‌మట్టం దగ్గరా, లింటెల్ (తలుపులూ కిటికీల పైన అడ్డంగా వేసే బీము) ఎత్తులోనూ, కప్పు దగ్గరా ఇల్లంతా చుట్టి కాంక్రీటు పట్టీలు. ప్రతి మూలలో, గోడలు కలిసే చోటల్లా 12 మిల్లీమీటర్ల ఇనుపచువ్వ పునాదినుంచి పైపట్టీ దాకా నిలబెట్టి, ఆ గూటిని కాంక్రీటుతో నింపాం. "మరి అవి పిల్లర్లే కదండీ?" అని అడిగాడు ఇంటాయన. కాదు. పిల్లరు బరువు మోస్తుంది, ఈ చువ్వ బరువు మొయ్యదు. గోడ ఊగినప్పుడు మూల విచ్చుకోకుండా పట్టుకుంటుంది. బరువంతా గోడదే. లింటెల్ పట్టీని బయట ఇటుకతో కప్పమని కొడుకు అడిగాడు. కప్పలేదు. ఎర్రటి గోడమధ్య ఆరంగుళాల బూడిదరంగు గీత ఇల్లంతా చుట్టి కనిపిస్తుంది. ఇల్లు కలిసికట్టుగా ఉండడానికి కారణం ఆ గీత, దాన్ని దాచాల్సిన పని లేదు.

నాలుగడుగుల కిటికీలకు మాత్రం ఇటుక కమానులే కట్టాం. వసారాలో ఎనిమిదడుగుల ఓపెనింగుకు కమాను లేపడానికి ఎత్తు చాలలేదు. అక్కడ కాంక్రీటు లింటెలే వేసి, లింటెల్‌గానే వదిలేశాం.

కమాను కప్పు, మూడు కడ్డీలు

హాలు కప్పు గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఇంటి మొత్తంమీద నాకు ఎక్కువ సంతోషాన్నిచ్చింది అదే, ఎక్కువ గొడవ నడిచిందీ దానిమీదే.

ఇటుక నొక్కితే మోస్తుంది, లాగితే విడిపోతుంది. కప్పులో లాగుడు అనేదే లేకుండా చెయ్యగలిగితే ఇనుము లేకుండా ఇటుకతోనే కప్పవచ్చు. అందుకు ఏ ఆకారం కావాలో చెప్పేది గొలుసు. రెండు చివరలా పట్టుకుని వదిలిన గొలుసులో లాగుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ వంపునే తలకిందులు చేస్తే అందులో నొక్కుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఇంగ్లీషు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లో చెప్పిన సంగతి ఇది.

కంప్యూటర్లో గీసి ప్రింటు తీయొచ్చు. నేను సైటులోనే చేద్దామన్నాను. ఇంటివాళ్ల పాత బావిదగ్గర గొలుసు ఉంది. హాలు చివరిగోడకు పన్నెండడుగుల దూరంలో రెండు మేకులు కొట్టి, పదిహేనడుగుల గొలుసు వేలాడదీశాం. నడుమ నాలుగడుగులు కిందికి దిగింది. మేస్త్రి గారు బొగ్గుముక్కతో ఆ వంపు వెంబడి గోడమీద గీత గీశారు. చెయ్యి వణక్కుండా ఒకే ఊపులో. ఆ గీతమీద ప్లైవుడ్ పెట్టి, గుర్తులు తీసుకుని, కోసి, తిరగేసి నిలబెట్టాం. "ఇదేనా బాబుగారూ డిజైను?" అన్నారు ఆయన. ఇదేనండి అన్నాను.

ఆ ప్లైవుడ్ ఆకారంతో నాలుగడుగుల వెడల్పు సెంట్రింగ్ (కట్టేటప్పుడు కమానును కిందనుంచి మోసే అచ్చు) ఒక్కటే చేయించాం. దానికింద రెండు పట్టాలు. ఒక నాలుగడుగుల ముక్క కట్టి, మాలు గట్టిపడ్డాక సెంట్రింగ్‌ను దించి ముందుకు జరిపి, పళ్లలా వదిలిన ఇటుకలకు తర్వాతి ముక్కను కలిపి కట్టడం. అలా ఆరు ముక్కలు కడితే 24 అడుగులు. ఒకే ఫారం పదేపదే జరిపి పెద్ద పెద్ద కప్పులు కట్టిన మహానుభావుడు ఉరుగ్వే ఇంజనీరు ఎలాడియో దియెస్తే. అట్లాంటిడాలో ఆయన 1958 నుంచి 1960 దాకా కట్టిన చర్చిలో ఏడు మీటర్ల ఎత్తు ఇటుక గోడలు ఒక అడుగు మందంతోనే నిలబడ్డాయి. నేలదగ్గర తిన్నగా మొదలై పైకి వెళ్లేకొద్దీ అలలా వంగే ఆకారమే ఆ గోడకు బలం. ఆ చర్చికీ, మన రామప్ప గుడికీ యునెస్కో వారసత్వ గుర్తింపు 2021లో ఒకేసారి రావడం నాకు చాలా తృప్తినిచ్చిన వార్త. దియెస్తే, బేకర్ ఇద్దరూ పుట్టింది 1917లోనే. వేరే వేరే ఖండాల్లో ఇద్దరూ ఇటుకను నమ్ముకున్నారు.

ఇప్పుడు గొడవ సంగతి. కమాను కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. సొంత బరువు, పైన వేసే సున్నపు పొర, ఎవరైనా ఎక్కితే పడే బరువు అన్నీ కలిపి చదరపు మీటరుకు 450 కిలోలు అనుకున్నాను. 12 అడుగుల వెడల్పుకు 4 అడుగుల ఎత్తు కమాను ఈ బరువుకు ప్రతి మీటరు గోడనూ 600 కిలోల పైచిలుకు బలంతో బయటికి తోస్తుంది. తొమ్మిదంగుళాల గోడ, అందులోనూ నడుమ ఖాళీ ఉన్న గోడ, ఎనిమిదడుగుల ఎత్తులో ఆ తోపును ఆపలేదు. మూడు దారులున్నాయి. గోడలకు బయట బరువైన ఆనుడు దిమ్మెలు కట్టడం. లేదా తోపంతా మోసేలా పైపట్టీని పెద్ద కాంక్రీటు బీముగా చేసి దాచెయ్యడం. లేదా హాలు అడ్డంగా ఇనుపకడ్డీలు కట్టి రెండు గోడలనూ ఒకదానికొకటి పట్టించడం.

దిమ్మెలకు పక్కన చోటు లేదు, అటూ ఇటూ గదులే. పెద్ద బీము వేస్తే ఇటుక కమాను అలంకారంగా మిగులుతుంది, అసలు పని కాంక్రీటు చేస్తుంది. కడ్డీలు అన్నాను. ఆరడుగులకొకటి చొప్పున మూడు. రెండు చివరలా గోడల పట్టీలే ఆ పని చేస్తాయి. ఒక్కో కడ్డీమీద 1,100 కిలోలు దాటి లాగుడు పడుతుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీకి అది పెద్ద బరువు కాదు, దాని శక్తిలో సగం కూడా వాడుకోం.

ఇంటావిడ డ్రాయింగ్ చూసి అన్న మొదటి మాట: "హాలు నడుమ బట్టలారేసే దండెంలా ఉంటుందండీ."

ఆవిడ అన్నది నిజమే. కనిపిస్తాయి. నేను ఏ అందం గురించీ మాట్లాడలేదు. సన్నటి అట్టముక్కను కమానులా వంచి రెండు పుస్తకాల మధ్య నిలబెట్టి, పైనుంచి వేలితో నొక్కి చూపించాను. పుస్తకాలు జరిగిపోయాయి, అట్ట చతికిలబడింది. అట్ట రెండు చివరలకూ దారం కట్టి మళ్లీ నొక్కాను. నిలబడింది. ఆవిడ తనే రెండుసార్లు నొక్కి చూసుకుంది. "ఈ దారమే ఆ కడ్డీ అన్నమాట" అంది. ఫాల్స్ సీలింగ్ వేసి దాచేద్దామన్న కొడుకు మాటకు ఆ తర్వాత ఆవిడే అడ్డుపడింది.

కడ్డీలు ముందు బిగించి, పైపట్టీ కాంక్రీటు నీళ్లు పట్టి ఆరాకే కమాను మొదలుపెట్టాం. ఈ వరస మారితే సెంట్రింగ్ దించిన క్షణంలోనే గోడ పగులుతుంది. గోడ బయట కడ్డీ చివర ఇనుపపలక, దానిమీద నట్టు. వాటినీ దాచలేదు.

మొదటి ముక్క సెంట్రింగ్ దించిన రోజు ఉదయం ఎవరూ సరిగా మాట్లాడలేదు. కమాను శిఖరంనుంచి గుండు వేలాడదీసి, కిందున్న స్కేలుమీద గుర్తు పెట్టుకున్నాను. అడుగున దోపిన చెక్క చీలలను నాలుగు మూలలా ఒకేసారి కొద్దికొద్దిగా సడలించారు. సెంట్రింగుకూ ఇటుకకూ నడుమ వెంట్రుకంత సందు కనిపించింది, తర్వాత వేలు దూరేంత. ఇటుకల్లోంచి చిన్న చప్పుడు వచ్చింది, ఎండిన కొమ్మ విరిచినట్టు ఒకే ఒక్కసారి. కడ్డీమీద చెయ్యి వేసి చూశాను. అంతకుముందు కొద్దిగా ఊగిన కడ్డీ ఇప్పుడు బిగిసి ఉంది, మీటితే మోగింది. గుండు మూడు మిల్లీమీటర్లు దిగి ఆగిపోయింది. మేస్త్రి గారు నిచ్చెనెక్కి కమాను నెత్తిమీద నిలబడ్డారు. నేను వద్దనేలోపే నిలబడ్డారు.

పైన సున్నం కలిపిన ఇటుకజల్లి పొర, దానిమీద తెల్లటి టైల్ ముక్కలు. రెండు చివరి గోడల్లో పైభాగాన ఇటుక జాలీలు, వేడిగాలి అటునుంచి పోతుంది.

పెద్దావిడ పెంకులు

గదుల స్లాబులో కింది సగం కాంక్రీటు దాదాపు ఏ పనీ చెయ్యదు. అక్కడ లాగుడు పడుతుంది, దాన్ని చువ్వలే తీసుకుంటాయి. చువ్వల మధ్య గడుల్లో ఆ కాంక్రీటు బదులు ఇంకేదైనా తేలికైనది పెట్టవచ్చు. పాత బంగాళా పెంకులు రెండేసి చొప్పున బోర్లా-వెల్లకిలా జతచేసి, నీళ్లలో నానబెట్టి, గడుల్లో పేర్చి పైన కాంక్రీటు పోశాం. నానబెట్టకపోతే పెంకు కాంక్రీటులో నీళ్లు లాగేస్తుంది. మా లెక్కలో ఆరోవంతు కాంక్రీటు తగ్గింది. కింద ప్లాస్టరింగ్ లేదు కాబట్టి పడుకుని పైకి చూస్తే పెంకులు కనిపిస్తాయి. పెద్దావిడ గదిలో మంచం సరిగ్గా ఎక్కడ వేస్తారో అడిగి, మచ్చలేని పెంకులన్నీ అక్కడికి చేర్చాం.

నేలకు బేతంచెర్ల రాయి. తలుపులకు పాత ఇంటి టేకు.

తూర్పు గోడ

ఇల్లు ఫిబ్రవరిలో పూర్తయింది. జూన్, జూలై వానలకు ఏమీ కాలేదు. అక్టోబరులో వాయుగుండం పట్టి మూడురోజులు ఈదురుగాలితో తూర్పునుంచి వాన కొట్టింది. నాలుగోరోజు ఇంటాయన ఫోన్ చేశాడు. కోపంగా లేడు, అదే నాకు ఇంకా బాధనిపించింది.

వెళ్లి చూస్తే తూర్పు గది లోపలిగోడమీద తడి మచ్చలు. చదరంగం బల్లలా ఒక క్రమంలో ఉన్నాయి, ఒక్కోటి మూడంగుళాలు బై నాలుగు. దగ్గరికి వెళ్లగానే అర్థమైంది. మచ్చ పడిన ప్రతిచోటా అడ్డంగా పెట్టిన ఇటుక ఉంది. బయటి ముఖంనుంచి లోపలి ముఖందాకా ఖాళీని దాటి వచ్చే ఇటుక అదొక్కటే. 17 శాతం నీరు తాగే ఇటుక మూడురోజులు తాగి, తాగినదాన్ని లోపలికి తెచ్చింది. పొడవు ఇటుకలున్న చోట గోడ పొడిగానే ఉంది, అక్కడ నడుమ ఖాళీ తన పని తాను చేసింది.

తప్పు ఇటుకది కాదు, మేస్త్రి గారిదీ కాదు. నాది. మిగతా మూడువైపులా రెండున్నర అడుగుల చూరు ఇచ్చాను. తూర్పున హద్దు దగ్గరగా ఉందని ఒక్క అడుగే ఇచ్చాను. మా వైపు తుఫాను వాన తూర్పునుంచే కొడుతుందని తెలిసి కూడా, డ్రాయింగ్‌లో అది కేవలం హద్దు సమస్యగా చూశాను.

ముందు మాలు జాయింట్లు ముప్పాతిక అంగుళం లోతు గీకి, సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 మాలుతో నొక్కి నింపాం. నీటిని తోసేసే పారదర్శక పూత వేశాం. మరుసటి అక్టోబరులో మచ్చలు సగానికి తగ్గాయి, పోలేదు. అప్పుడు మేస్త్రి గారు బయటివైపు సున్నంతో ప్లాస్టరింగ్ చేసేద్దామన్నారు. నేను వారంరోజులు ఒప్పుకోలేదు. ఇల్లంతా కనిపించే ఇటుకతో కట్టి ఒక గోడను కప్పడం నాకు ఓడిపోవడంలా అనిపించింది. ఆయన అన్న మాట ఇది: "వాన కొట్టే వైపు గొడుగు పట్టుకుంటే తప్పేంటండి బాబుగారూ?"

ఆ మాట నా లెక్కను సరిచేసింది. ఏది కనిపిస్తే అది నిజంగా ఆ పని చెయ్యాలనేదే మేం మొదట్లో పెట్టుకున్న నియమం. ప్రతి ఇటుకా కనిపించాలని ఎక్కడా పెట్టుకోలేదు. సున్నపు పూత వానను ఆపే పని చేస్తుంది, ఆ పని చేసే చోటే ఉంటుంది, ఇటుకలా నటించదు. అదే మాలుతో ఇటుక గీతలు గీయించి ఎర్రరంగు వేయించి ఉంటే అది అబద్ధమయ్యేది. ఆ సలహా కూడా ఒకరు ఇచ్చారు. తూర్పు గోడకు రెండు పూతలు సున్నం వేసి తెల్లగా వదిలాం. మూడో అక్టోబరులో లోపల మచ్చ లేదు.

ఇప్పుడు నేను గీసే ఎలుకబోను గోడల్లో తూర్పుముఖానికి పూత డ్రాయింగ్‌లోనే ఉంటుంది. అక్కడ మూడడుగుల చూరు కుదిరితే పూత తీసేస్తాను. అడ్డం ఇటుకలకు బాగా కాలినవి, తక్కువ నీరు తాగేవి విడిగా ఏరిస్తున్నాను. ఈ ఒక్క మార్పుకు బట్టీలో అరపూట చాలు.

అందరూ అడిగే ప్రశ్న

చల్లగా ఉంటుందా? ఉంటుంది. కానీ ఆ ఘనత గోడ నడుమ ఖాళీ ఒక్కదానికే కట్టబెట్టడం సరికాదు. హాలు ఎత్తు పన్నెండడుగులు, పైన జాలీలు, కప్పుమీద తెల్ల టైల్ ముక్కలు, చుట్టూ నర్సరీ చెట్లు. ఇదే గోడతో చెట్టులేని చోట, తక్కువ ఎత్తు స్లాబుకింద కట్టి ఇదే చల్లదనం ఆశిస్తే దొరకదు.

ఇంకో విషయం, వైరింగ్. పైపులు గోడనడుమ ఖాళీలోంచే తీశాం, గోడ చెక్కే పనే లేదు. కానీ ఆ పైపుల దారి గోడ మొదలెట్టకముందే ఖాయం కావాలి. ఇంటివాళ్లు తర్వాత ఏసీ పెట్టించుకుందామనుకుంటే అప్పటికి ఆలస్యం. మేం ఒక గదిలో ఆ ఇబ్బంది పడ్డాం, పైపు గోడమీదే కనిపించేలా బిగించాల్సి వచ్చింది.

కొలతలు

కమాను కట్టినప్పుడు హాలు రెండు పొడవు గోడల పైపట్టీల్లో ఎదురెదురుగా ఐదుచోట్ల ఇత్తడి మేకులు దిగ్గొట్టాం. ఏడాదికోసారి, వేసవిలో ఒకసారి, ఆ మేకుల మధ్య దూరం స్టీలు టేపుతో కొలుస్తున్నాను. గోడలు ఎక్కడైనా బయటికి జరిగితే అక్కడ తెలుస్తుంది. మొదటి ఏడాది అంకెలకూ మూడో ఏడాది అంకెలకూ ఏ చోటా రెండు మిల్లీమీటర్ల తేడా దాటలేదు. నడిమి కడ్డీ నట్టు ఒకటి రెండో ఏడాది పావుచుట్టు బిగించాల్సి వచ్చింది. మిగతా రెండూ అలాగే ఉన్నాయి. కొలిచినప్పుడల్లా ఇంటావిడ టేపు రెండోకొస పట్టుకుంటుంది, అంకెలు గోడ పంచాంగం వెనకాల రాసిపెడుతుంది. మళ్లీ మే నెలలో వెళ్లాలి.